పాపయ్య హెల్త్ సర్టిఫికెట్

మారేడుమిల్లి,
నవంబర్ 3.

అత్తమ్మా,

ఈ కాలంలో ఉత్తరమేమిటని కవరు చూసి కంగారు పడకు. నాకేం కాలేదు. సెట్‌లో ఎవరో ఫొటో తీసి బయట పెట్టారని మా డైరెక్టర్ గారు అందరి ఫోన్లూ ట్రంకు పెట్టెలో వేసి తాళం బిగించారు. ఆ తాళం తీసినా ఈ అడవిలో సిగ్నల్ ఉండదు. ప్రతి సోమవారం సాయంత్రం నవీన్ అనే డ్రైవరు, షూటింగ్ చేసిన హార్డ్‌డిస్కులు తీసుకుని ఫిల్మ్‌నగర్ ఆఫీసుకు బయల్దేరతాడు. రెండు రోజులు అక్కడుండి గురువారం మళ్లీ ఇక్కడికి వస్తాడు. మన ఉత్తరాలకు అతనే పోస్ట్‌మ్యాన్. బోరబండ మనిషి, నలభై దాటినవాడు, కుక్కలంటే ప్రాణం. నువ్వు ఎక్కడికి తీసుకెళ్లమంటే అక్కడికి తీసుకెళ్తాడు.

ఇక అసలు సంగతి. మన కుక్క ప్యాకప్‌కు ఏడాదికోసారి వేయించే రేబిస్ టీకా పన్నెండో తారీకున పడాలి. దాంతోపాటు ఒళ్లంతా ఒకసారి చూపించి, ఆరోగ్యంగా ఉన్నాడని డాక్టర్ పూజిత గారి చేత సర్టిఫికెట్ రాయించాలి. సర్టిఫికెట్ ఎందుకో బయల్దేరేటప్పుడు నీకు చెప్పలేదు. చెబితే అక్కడే ఏడ్చేదాన్ని. వాణ్ని జూబ్లీహిల్స్‌లో మనోజ్ఞ గారికి ఇచ్చేస్తున్నాను. నిర్మాత రఘునందన్ గారి భార్య. వాడు నటించిన సినిమా వాళ్లదే. షూటింగు అయ్యాక, తెచ్చినవాళ్లు గేటు బయట వదిలేసి పోతే నేను ఇంటికి తెచ్చుకున్నాను కదా, అప్పటినుంచీ వాళ్లమ్మాయి ‘ఆ కుక్క మనకు కావాలి’ అంటూనే ఉంది. పెద్ద తోట, ఇంటి నిండా మనుషులు. ఇంకో కుక్క కూడా ఉంది కాబట్టి సర్టిఫికెట్ చూశాకే తీసుకుంటామన్నారు. సబబే.

నువ్వు చేయాల్సిందల్లా వాణ్ని ఈ ఒక్క పనికి తయారు చేయడం. వాడికి కారు పడదు, బల్ల పడదు, తెల్లకోటు అసలు పడదు. పోయినసారి బరువు చూసే మిషన్ వెనక్కి దూరి గంటసేపు బయటికి రాలేదు. ముందునుంచీ రోజూ కాళ్లు పట్టుకుని గోళ్లు చూస్తూ ఉండు. చెవులెత్తి చూడు, పెదవి లేపి పళ్లు చూడు. అప్పుడు డాక్టరు ముట్టుకుంటే బెదరడు. టీకా పుస్తకం బీరువాలో, మూతికి కట్టే జాలీ చెప్పుల స్టాండు పై అరలో ఉన్నాయి. వెళ్లే రోజు పొద్దున కొంచెమే పెట్టు, లేకపోతే కారులో కక్కుతాడు. వాడి దుప్పటి తీసుకెళ్లు. ఇంకొక్కటి, రాయడానికి నాకే మొహమాటంగా ఉంది. ఆ పొద్దుటి వాడి విరేచనం కొంచెం ఒక డబ్బాలో పట్టుకెళ్లాలి. కడుపులో పురుగులున్నాయేమో చూస్తారు.

కుక్కలంటే నీకు గిట్టదు. అయినా మేనకోడలు అడగ్గానే మోతీనగర్ ఇల్లు తాళం పెట్టి వచ్చావు. ఒక్క నెల ఓర్చుకో.

భువన


ఫిల్మ్‌నగర్,
నవంబర్ 6.

భువనా,

నేను క్షేమం. నీ కుక్క నాకంటే క్షేమం. సోఫా వాడిది, చాప నాది.

డబ్బా సంగతి చదివి, ఉత్తరం పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి మిగతాది చదివాను. ముప్పై మూడేళ్లు సర్కారు బడిలో హిందీ చెప్పాను. పిల్లలు వాంతి చేసుకుంటే కడిగాను. అయినా ఇలాంటి హోంవర్కు నాకెవరూ ఇవ్వలేదు.

మొదట ఒక విషయం. ప్యాకప్ ఏం పేరే? షూటింగు ఆపి ‘ప్యాకప్’ అనగానే భోజనాల దగ్గర ప్రత్యక్షమయ్యేవాడని యూనిట్ వాళ్లు పెట్టారని నవీన్ చెప్పాడు. వాళ్లకు వేరే పేరే దొరకలేదా? నేను పాపయ్య అంటున్నాను. రెండు రోజులు చూసీచూడనట్లు ఊరుకుని, మూడో రోజు నుంచి పలుకుతున్నాడు.

నీ నిర్ణయం మంచిదే. నువ్వు ఏడాదిలో ఎనిమిది నెలలు ఊళ్లు పట్టుకు తిరుగుతావు. వాడు తలుపు దగ్గర కాపలా కాస్తాడు. ఇచ్చేసెయ్, ఇల్లు ఇల్లులా ఉంటుంది. నాకు మాత్రం వాడు రెండు బారల దూరంలో ఉంటేనే ఊపిరాడుతుంది. నేను స్నానానికి వెళ్తే తలుపు బయట పడుకుంటాడు. బయటికి రాగానే కాలికి అడ్డం. కింద పడి నా తుంటి విరిగితే నీ సినిమావాళ్లు చూస్తారా?

ఇక డాక్టరు దగ్గరికి వెళ్లామా అంటే, వెళ్లలేదు. మంగళవారం సూది పొడిపించడమేమిటని ఊరుకున్నాను. నిన్న కారు దాకా తీసుకెళ్లాం. నాలుగు కాళ్లూ నేలకు అతికించినట్లు నిలబడిపోయాడు. నవీన్ కూర్చుని బతిమాలాడు. ‘ఏ, ఎక్కరా భాయ్, ఫికర్ చెయ్యకు, ఏమైతది?’ వాడు కదల్లేదు. ‘అమ్మా, జబర్దస్తీ చేస్తె బెదురుతడు. జర రోజులు అలవాటు చెయ్యిండ్రి. వచ్చేవారం నేను వచ్చినంక పోదం,’ అన్నాడు. నాకూ అదే మంచిదనిపించింది.

నువ్వు సరిగ్గా తింటున్నావా? చలికి చెవులకు మఫ్లర్ కట్టుకో. సిగ్గుపడకు, అడవిలో నిన్నెవరూ చూడరు.

అత్తమ్మ


మారేడుమిల్లి,
నవంబర్ 10.

అత్తమ్మా,

పెద్దగా రాయలేను, ఒళ్లంతా బురద. హీరో కొండ మీంచి జారే సీను. ఒకే చొక్కావి పద్నాలుగు కాపీలు కుట్టించి, పద్నాలుగింటికీ ఒకే చోట ఒకే చిరుగు, ఒకే మరక పెట్టాలి. పొద్దుటి నుంచి టీ పొడి నీళ్లతో మరకలు వేస్తున్నాను. కాస్ట్యూమ్ డిజైనర్‌గా నా పేరు మొదటిసారి తెర మీద ఒంటరిగా పడబోయే సినిమా ఇది. ఒక్క మరక తేడా వచ్చినా జనం చూస్తారని భయం.

ఈ బుధవారం పన్నెండు. దయచేసి వెళ్లి రా. మనోజ్ఞ గారు శనివారం కారు పంపుతామని కబురు చేశారు.

పాపయ్యట! విని మా అసిస్టెంట్లు కింద పడి నవ్వారు.

భువన


ఫిల్మ్‌నగర్,
నవంబర్ 13.

భువనా,

పన్నెండు దాటిపోయింది. తిట్టుకోకు. డాక్టరమ్మకు నేనే ఫోన్ చేశాను. ‘వారం అటూ ఇటూ అయితే పర్లేదండీ, భయపెట్టి మాత్రం తీసుకురాకండి,’ అంది. మనిషి నెమ్మదస్తురాలిలా ఉంది. శనివారం కారు వద్దని మనోజ్ఞ గారికీ నీ పేరు చెప్పి కబురు పంపాను.

ఎందుకు వెళ్లలేదంటే, వాడు ఇంకా తయారు కాలేదు. ఏ పని చేసినా పద్ధతిగా చేయాలి. మా బడిలో సోమవారం సోమవారం పిల్లల్ని వరసలో నిలబెట్టి గోళ్లు చూసేవాళ్లం. పాపయ్యకు రోజూ పది గంటలకు ఆ క్లాసు పెట్టాను. మొదటి రోజు నేను చెయ్యి చాపితే వాడు వెనక్కి, వాడు మూతి చాపితే నేను వెనక్కి. ఇద్దరం గోడలకు ఆనుకుని చూసుకుంటూ కూర్చున్నాం. ఇప్పుడు ‘పాపయ్యా, చెయ్యి’ అంటే ముందరి కాలు నా ఒళ్లో పెడతాడు. ఒకటి చూశాక రెండోది వాడే ఇస్తాడు. చెవి లోపల ఎంత మెత్తగా ఉంటుందో తెలుసా నీకు? నాకు ఈ అరవై ఆరేళ్లకు తెలిసింది.

కారు క్లాసు సాయంత్రం. సెల్లారులో నీ కారు తాళం తీసి వెనక సీట్లో ఇద్దరం కూర్చుంటాం. నేను పేపరు చదువుతాను, వాడు అద్దంలోంచి బయటికి చూస్తాడు. ఎక్కడికీ వెళ్లం. నిన్న వాచ్‌మ్యాన్ వచ్చి, ‘అమ్మా, డ్రైవర్ రాలేదా? గంటసేపాయె, గిట్లనే కూసున్నరు,’ అన్నాడు. ‘మేం దిగే స్టాపు ఇంకా రాలేదయ్యా,’ అన్నాను. ఏమనుకున్నాడో, దండం పెట్టి వెళ్లిపోయాడు.

బల్ల పాఠం మిగిలింది. నీ భోజనాల బల్ల మీద వాడి దుప్పటి పరిచి ఎక్కించాను. దిగకుండా నిలబడినందుకు ఒక ఉడకబెట్టిన గుడ్డు ఇచ్చాను. అవును, నేనే ఉడకబెట్టాను. గిన్నె విడిగా పెట్టాను. మీ నాన్నతో అనకు.

ఊరికే అడుగుతున్నాను, మనోజ్ఞ గారి ఇంట్లో వాణ్ని లోపలికి రానిస్తారా, తోటలోనే కట్టేస్తారా? అన్నం ఎవరు పెడతారు? ఇంకో కుక్క కరిచే రకమా? నిద్రలో కాళ్లు కొట్టుకుంటాడు, అప్పుడు మెల్లగా పేరు పెట్టి పిలిస్తే మళ్లీ పడుకుంటాడు. ఆ సంగతి వాళ్లకు ఎవరైనా చెబుతారా?

అత్తమ్మ


మారేడుమిల్లి,
నవంబర్ 17.

అత్తమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వూ, గుడ్డూ! నాన్నతో అనను కానీ యూనిట్ మొత్తానికి చెప్పేశాను.

నీ ప్రశ్నలకు జవాబులు. లోపలికి రానిస్తారు. వంటావిడ పెడుతుంది. వాళ్ల కుక్క ముసలిది, పళ్లే లేవు. నిద్రలో కాళ్లు కొట్టుకోవడం నాకు తెలియదు. ఇదిగో, ఇందుకే వాణ్ని ఇస్తున్నాను. రెండేళ్లుగా నా దగ్గరున్నాడు, వాడు ఎలా పడుకుంటాడో నాకు తెలియదు. పోయిన సినిమాకు నలభై రోజులు కుక్కల హాస్టల్లో పెట్టి తీసుకొచ్చాను. నా బ్యాగు వాసన చూసి, తోక కూడా ఊపకుండా వెళ్లి గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఆ వీపు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. ఆ వేళే అనుకున్నాను, నాతో ఉంచుకోవడం వాడికి అన్యాయమని.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. రఘునందన్ గారి కొత్త సినిమాకు డ్రెస్సులు నాకే అంటున్నారు. కుక్కకూ దానికీ సంబంధం లేదని నేనూ అనుకుంటాను, వాళ్లూ అంటారు. అయినా ఇచ్చిన మాట జారితే బాగుండదు. ఈ బుధవారం, పంతొమ్మిది, తప్పించకు. వాడు తయారయ్యాడు. నువ్వు తయారు చేశావు. ఇంతకంటే బాగా నేను కూడా చేయలేకపోయేదాన్ని.

భువన


ఫిల్మ్‌నగర్,
నవంబర్ 20.

భువనా,

నిన్న పాపయ్యను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. నవీన్ కారు నడిపాడు. దారిలో వాడు కక్కలేదు. బల్ల మీద నిలబడ్డాడు. బరువు పద్దెనిమిది కిలోలు. చెవులు, పళ్లు, గుండె అన్నీ బాగున్నాయని డాక్టరమ్మ చెప్పింది. డబ్బా ఇచ్చాను, పురుగులేమీ లేవు. మూతికి జాలీ కట్టాల్సిన అవసరమే రాలేదు.

చివర్లో వరండాలో నడిపించి చూసింది. కుంటుతూ నడిచాడు. కుడి ముందరి కాలు ఎత్తేశాడు. రెండోసారి నడిపిస్తే రెండోసారీ కుంటుతూనే నడిచాడు. ‘ఏమండీ, ఎప్పట్నుంచి కుంటుతున్నాడు? ఎక్కడైనా దూకాడా?’ అని అడిగింది. కాలంతా ఒత్తి చూసింది, వాపు లేదు. కారణం తెలియకుండా సర్టిఫికెట్ ఇవ్వలేనంది. వారం రోజులు మెట్లు ఎక్కనివ్వకుండా చూసి మళ్లీ తీసుకురమ్మంది. అప్పటికీ ఉంటే ఎక్స్‌రే తీస్తారట. టీకా కూడా అప్పుడే వేస్తానంది.

మనోజ్ఞ గారికి ఆలస్యమవుతుందని నువ్వే ఒక ముక్క రాయి. నువ్వు కంగారుపడి బయల్దేరకు. వాడు తింటున్నాడు, తిరుగుతున్నాడు.

అత్తమ్మ


మారేడుమిల్లి,
నవంబర్ 24.

అత్తమ్మా,

నీ ఉత్తరం చదివి ఏం చేశానో చెప్తాను, తిట్టకు. చొక్కాలు అక్కడే పడేసి, డైరెక్టర్ గారి దగ్గరికెళ్లి నాలుగు రోజులు సెలవు కావాలన్నాను. ఆయన లెక్క చెప్పారు: ఎల్లుండి క్లైమాక్స్, రెండొందల మందికి బట్టలు. పోతే పోనీ, ఇంకెవరితోనైనా చేయించుకోండి అనేశాను. నిజంగానే అన్నాను. ఇన్నేళ్లు ఎదురుచూసిన సినిమాను ఆ ఒక్క మాటతో వదిలేసుకునేదాన్ని. వాణ్ని చూసుకోలేకనే ఇచ్చేస్తున్నాను, ఇచ్చే ముందు వాడి కాలు కూడా పోగొట్టానా అనిపించింది.

పక్కనే ఉన్న అసిస్టెంట్ డైరెక్టర్ అంతా విని, ‘ఏ కాలు?’ అని అడిగాడు. కుడి ముందరి కాలు అన్నాను. అతను పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. కొట్టాలనిపించింది. అప్పుడు చెప్పాడు. పాత సినిమాకూ అతనే పనిచేశాడు. అందులో వాడిది కుంటికుక్క వేషం! షాట్ మొదలయ్యే ముందు క్లాప్ బోర్డు కొడతారు కదా, ఆ ‘ఠప్’ వినగానే కాలెత్తి నడవాలని నేర్పించారట. నడిస్తే కోడిముక్క. నేనప్పుడు బట్టల వ్యాన్‌లో ఇస్త్రీ పని చేసుకుంటున్నాను, వాడి షాట్లు ఒక్కటీ చూడలేదు, తర్వాత ఎడిటింగులో అవి తీసేశారు. ఇంట్లో క్లాప్ కొట్టేవాళ్లు లేరు కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు.

అత్తమ్మా, వాడి కాలికి ఏమీ లేదు! ఆ వరండాలో ఏదో చప్పుడై ఉంటుంది. రిజిస్టరు మూశారో, తలుపు పడిందో. రెండుసార్లూ సరిగ్గా వాడు నడుస్తున్నప్పుడే ఎలా పడిందో నాకు అర్థం కావడం లేదు. గుర్తు తెచ్చుకో. డాక్టరు గారికి ఈ సంగతి చెప్పి టీకా వేయించు.

డైరెక్టర్ గారికి క్షమాపణ చెప్పాను. ఉద్యోగం ఉంది.

భువన


ఫిల్మ్‌నగర్,
నవంబర్ 27.

భువనా,

గుర్తు తెచ్చుకోవాల్సిన పనిలేదు. ఆ చప్పుడు నాది.

మొదటి వారంలోనే తెలిసింది నాకు. పేపరు చదివి కళ్లజోడు పెట్టె మూశాను. గట్టి రేకు పెట్టె, ఠప్పున పడుతుంది. వాడు లేచి, కాలెత్తి, మూడు కాళ్ల మీద హాలంతా తిరిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు. భయపడి కొబ్బరినూనె రాశాను. మర్నాడూ అంతే. మూడో రోజు కావాలనే మూసి చూశాను. సినిమా వేషమని తెలియదు, చప్పుడు సంగతి మాత్రం తెలిసిపోయింది. నీకు రాయలేదు.

డాక్టరమ్మ, ‘అన్నీ బాగున్నాయండీ, నడక ఒక్కటి చూసి రాసిచ్చేస్తాను,’ అంది. రాసిచ్చేస్తే శనివారం కారు వస్తుంది. పెట్టె నా చేతిలో ఉంది. వాడు వరండా చివరిదాకా పెళ్లికొడుకులా నడిచాడు. తిరిగి వస్తుంటే మూశాను. ఆమె మళ్లీ నడిపించమంది. మళ్లీ మూశాను. బడిలో చీటీలు పెట్టి రాసే పిల్లల పేపర్లు లాక్కుని బయట నిలబెట్టినదాన్ని నేను. ఆ పూట నన్ను ఎవరైనా అలా నిలబెడితే బాగుండేది. వాడు వచ్చి బహుమతి కోసం నా చెయ్యి నాకాడు.

నీ సినిమా వదిలేసి వస్తానన్నావని చదివాక తల ఎత్తలేకపోయాను. నిన్న పొద్దున నవీన్‌ను వెంటబెట్టుకుని వెళ్లి డాక్టరమ్మకు అంతా చెప్పాను. పెట్టె మూసి చూపించాను కూడా. ఆమె బల్ల పట్టుకుని నవ్వింది. నవీన్ మాత్రం నవ్వలేదు. ‘అమ్మా, గంత పానం బెట్టుకున్నరు, మరి భువనమ్మకు ఒక్క మాట చెప్పరాదా?’ అన్నాడు. టీకా వేసింది. సర్టిఫికెట్ ఇచ్చింది. యజమాని పేరు దగ్గర నీ పేరే రాయించాను.

ఈ రోజు పొద్దున, ఎవరూ పిలవకుండానే, వాణ్ని తీసుకుని జూబ్లీహిల్స్ వెళ్లాను. నీ మాట నేను నిలబెట్టాలనుకునే వెళ్లాను, నమ్ము. మంచి ఇల్లు. వాడికి కొత్త పరుపు కుట్టించి పెట్టారు. తోటలోకి వదలగానే ఆ పళ్లులేని ముసలిదానితో కలిసి గడ్డిలో పొర్లాడు. నా వైపు ఒక్కసారీ చూడలేదు. అబద్ధం రాయను, వాడు అక్కడ సుఖంగానే ఉంటాడు. సర్టిఫికెట్ ఆమె చేతిలో పెట్టి, కాఫీ తాగి, లేచాను. గుమ్మం దాకా వచ్చాను.

గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, ‘అమ్మా, నాకు ఈ కుక్క కావాలె,’ అన్నాను. అంత గట్టిగా అనాలనుకోలేదు. లోపల ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు.

మనోజ్ఞ గారు పాపం కంగారుపడింది. ‘అయ్యో, ముందే ఒక్క మాట చెప్పకపోయారా అండీ! మా అమ్మాయి ఎప్పుడొస్తాడని రోజూ అడుగుతోంది. మాట ఇచ్చింది భువన కదా. తను ఏమంటే అదే. తన చేత రెండు ముక్కలు రాయించండి,’ అంది. అప్పటిదాకా వాణ్ని నా దగ్గరే ఉంచుకోమంది. ఇప్పుడు నా కాళ్ల మీద తల పెట్టుకుని పడుకున్నాడు. కలం కదిలినప్పుడల్లా చెవి కదుపుతున్నాడు.

నీ ఇంట్లో ఉండనివ్వమని అడగడం లేదు. నా పోర్షన్ వాళ్లు కుక్కల్ని రానివ్వరు కాబట్టి అక్కణ్నుంచి అటే వెళ్లి మోతీనగర్‌లోనే వెనక వీధిలో కింది వాటా చూశాను. ‘కుక్క ఉంటది, మరి?’ అని ముందే చెప్పాను. ఇంటావిడ, ‘ఉండనియ్యి, మా మనుమలకన్న లొల్లి జేస్తదా?’ అంది. చిన్న పెరడు ఉంది. తోట కాదు. నేను ఎక్కడికీ పోను, అదొక్కటే నా దగ్గరున్న ఆస్తి.

నీ కొత్త సినిమాకు ఇబ్బంది అయితే ఇచ్చేసెయ్. నేనే తీసుకెళ్లి దింపి వస్తాను, ఒక్క మాట అనను. కానీ అడక్కుండా ఊరుకోలేను. వాడు నాకు కావాలి, భువనా. ఇస్తావా?

అత్తమ్మ


మారేడుమిల్లి,
డిసెంబర్ 1.

అత్తమ్మా,

మనోజ్ఞ గారికి రాసిన ఉత్తరం ఇందులోనే పెట్టాను. కవరు అంటించలేదు. ముందు నువ్వు చదివి, తర్వాత నవీన్ చేత పంపించు.

క్లైమాక్స్ అయిపోయింది. పదో తారీకున వస్తున్నాను. సామాను ఒక్కదానివే మొయ్యకు. ఇల్లు మార్చడానికి నేనొస్తాను.

భువన


మారేడుమిల్లి,
డిసెంబర్ 1.

మనోజ్ఞ గారికి,

నమస్కారం. మీకు ఇచ్చిన మాట తప్పుతున్నాను. మీ అమ్మాయి ముఖం చూడటానికి నాకు ధైర్యం లేదు, అయినా వచ్చాక వచ్చి స్వయంగా క్షమాపణ అడుగుతాను. కొత్త సినిమా విషయంలో రఘునందన్ గారు ఏ నిర్ణయం తీసుకున్నా నేను తప్పుగా అనుకోను.

మా అత్తమ్మ మా నాన్నకు అక్క. పెళ్లి చేసుకోలేదు. తమ్ముళ్లను చదివించింది, నాకు మొదటి కుట్టుమిషన్ కొనిచ్చింది, మా అమ్మ ఆసుపత్రిలో ఉంటే నాలుగు నెలలు మాకు వండిపెట్టింది. పండక్కి చీర పెడతామంటే ఉన్నాయంటుంది. ఉండమంటే ఇల్లుందంటుంది. నాకు నలభై ఏళ్లు వస్తున్నాయి. ఇన్నేళ్లలో ఆమె మా ఇంట్లో ఎవరినీ ఏదీ ఇమ్మని అడగగా నేను వినలేదు.

మొన్న మీ గుమ్మంలో నిలబడి అడిగింది. అందుకని మీకు ఇవ్వలేను.

భువన